హస్కీకి ఆడా మగా రెండింటికీ సరిపోయే పేరు వెతుక్కోవడం ఎలా

మా కుక్క పేరు మొదటి పది రోజులు భీమ్. మాది భీమిలి రోడ్డు, పైగా రెండు నెలల పిల్లకే అంతలావు కాళ్ళు, అమ్మినాయన "మగపిల్లండీ, మంచి చురుకు" అని మరీ మరీ చెప్పాడు, ఇంకేం ఆలోచిస్తాం, మా అబ్బాయి కారులోనే పేరు పెట్టేశాడు. పదకొండో రోజు టీకాకి తీసుకెళ్తే డాక్టరుగారు దాన్ని బల్ల మీద వెల్లకిలా తిప్పి, ఒకసారి కార్డు చూసి, ఒకసారి మా మొహాలు చూసి, "భీమ్ కాదండీ, భీమమ్మ" అన్నారు.

తప్పు మాదే అనుకోండి. ఇంట్లో నలుగురం ఉన్నాం, పది రోజులు ముద్దు చేశాం, ఒక్కరం తిప్పి చూసిన పాపాన పోలేదు. బొడ్డుకి కాస్త కింద, పొట్ట మీదే చిన్న మొటిమలా ఇంకొకటి కనిపిస్తే మగ, అక్కడేమీ లేకుండా తోక కింద మలద్వారానికి దిగువన చిన్న ఆకు మొనలా ఉంటే ఆడ. అర నిమిషం పని. ఎవరు ఏం చెప్పినా మీరు చూసుకోండి.

కానీ అప్పటికే అది భీమ్ అంటే తల తిప్పుతోంది. "ఆడదైతే ఏంటి, భీమ్ అనే ఉంచేద్దాం" అని మావాడు, "ఆడపిల్లకి భీముడి పేరేంట్రా" అని మా అత్తగారు, మూడు రోజులు ఇంట్లో ఇదే గోల. చివరికి ఆడైనా మగైనా అతికే పేరు కావాలన్న ఒప్పందం కుదిరింది. ఆ పేరు కోసం మేం పడిన తిప్పల్లో తెలిసినవే ఇక్కడ రాస్తున్నాను. ఈతలో ఆడది దొరుకుతుందో మగది దొరుకుతుందో తెలియకుండానే ముందుగా చెప్పి పెట్టుకున్నవాళ్ళకీ, ఎవరో వదిలేసిన హస్కీని తెచ్చుకుంటున్నవాళ్ళకీ ఇది మరీ పనికొస్తుంది.

పేరు కన్నా ముందు ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. హస్కీ సైబీరియా ఈశాన్య కొసన చుక్చీ జనం బళ్ళు లాగడానికి పెంచిన కుక్క. మన వైజాగ్ ఉక్కపోతలో దానికి ఏసీ గది, తెల్లారకముందే నడక, రోజుకి కనీసం రెండు గంటలు దాని మీద పెట్టే మనిషి కావాలి, ఇవి కుదరవంటే పేరు దాకా వెళ్ళకండి, అసలు తెచ్చుకోకండి. ఎండాకాలం వచ్చిందని బొచ్చు గొరిగించేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ రెండు పొరల బొచ్చే ఎండని ఒంటికి తగలనివ్వదు, దాన్ని దువ్వాలి గానీ గొరగకూడదు. సరే, ఇక పేరు సంగతి.

తెలుగులో సగం పని అయిపోయే ఉంది

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి కుక్కని హీ అనాలా షీ అనాలా అని బెంగ. మనకి ఆ బెంగే లేదు. మగమనిషి ఒక్కడే "వచ్చాడు", మిగతా లోకమంతా "వచ్చింది". మా పిన్ని వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది, కుక్క వచ్చింది. ఆడ హస్కీ అయినా మగ హస్కీ అయినా సోఫా చింపేసింది అనే అంటాం.

అయితే మన భాషలో ఆడామగా తేడా క్రియలో కాకపోతే పేరు చివర దాక్కుంటుంది. డు, అన్న, రాజు అంటే మగ, అమ్మ, వల్లి, దేవి అంటే ఆడ, ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తెలియకుండా పట్టుకునేది ఇంకొకటి ఉంది, పరాయి పేర్లలో చివర ఆ వస్తే మన చెవి దాన్ని ఆడపేరు కింద రాసేసుకుంటుంది. అందుకే లూనా, బెల్లా అని మగకుక్కకి పెడితే ఎదురింటావిడ "ఎన్ని పిల్లల్ని పెడుతుందండీ" అని అడుగుతుంది. సైబీరియా కుక్క కదా అని రష్యన్ పేర్ల మీదకి పోయేవాళ్ళకి ఇదే చిక్కు. మిష్కా అంటే వాళ్ళకి మిఖాయిల్ అనే మగవాడి ముద్దుపేరు, ఎలుగుబంటిని కూడా అలాగే పిలుస్తారు, మనకేమో అమ్మాయిలా వినిపిస్తుంది. సాషా మాత్రం నిజంగా ఇద్దరిదీ. అక్కడ అలెగ్జాండర్‌నీ సాషా అంటారు, అలెగ్జాండ్రానీ సాషా అంటారు. ఇక్కడ మాత్రం ఆ సంగతి మీరు ప్రతివాళ్ళకీ విడమరిచి చెప్పుకోవాలి.

అసలు ఇంత దూరం ఎందుకు, సున్నాతో ముగిసే మన పేర్లు చూడండి. రత్నం, మాణిక్యం, ముత్యం. మగవాళ్ళలో ఉన్నారు, ఆడవాళ్ళలో ఉన్నారు. మన ఉత్తరాంధ్రలో అయితే సింహాచలం అని పేరు విని మనిషి మగో ఆడో చెప్పలేం, పైడితల్లి అని మగవాళ్ళకీ పెట్టుకుంటారు. ఆడామగా తేడాలేని పేరు మనకి కొత్త ఫ్యాషనేం కాదు. అలాగని కుక్కకి దేవుడి పేరు పెట్టమని చెప్పడం లేదు, దయచేసి పెట్టకండి. రేపు అది పక్కింటి గుమ్మం దగ్గర కాలెత్తినప్పుడు మీరు ఆ పేరుతో అరవాల్సి వస్తుంది, ఆ సీను ఒకసారి ఊహించుకోండి.

ముత్యం మాకు చాలా నచ్చింది, దాదాపు ఖాయం కూడా చేశాం. ఎందుకు వదిలేశామంటే చివర్లో నోరు మూసుకుపోతుంది. ముత్యం అని గట్టిగా అరిచి చూడండి, అరుపు పెదవుల దగ్గరే ఆగిపోతుంది. దూరానికి వినపడాలంటే ముత్తీ అని మార్చుకోవాలి. అలా మార్చుకోవడం ఇష్టమైతే ఇది బంగారంలాంటి పేరు.

ఇక ముద్దుపేర్లు. బుజ్జి, పండు, చిట్టి, చిన్ని, ఇవన్నీ ఆడపిల్లకీ మగపిల్లాడికీ చెల్లుతాయి, పిలవడానికి హాయి, అందరి నోటా తిరుగుతాయి. ఒకటే ఇబ్బంది. మా అపార్ట్‌మెంట్ కింద నిలబడి "బుజ్జీ" అని పిలిస్తే రెండో అంతస్తు నుంచి ఒక ఇంజినీరింగ్ కుర్రాడు, నాలుగో అంతస్తు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారి భార్య తొంగి చూస్తారు. పెట్టేముందు మీ మెట్లమీద ఎంతమంది బుజ్జిలున్నారో లెక్కేసుకోండి. శశి, మణి, సత్య, కిరణ్ కూడా ఇద్దరికీ చెల్లే మంచి పేర్లే, కానీ వాటిలో ఏదో ఒకటి కచ్చితంగా మీ వియ్యంకుల వైపు ఎవరిదో అయ్యుంటుంది.

పోలో అంటే పొమ్మని కదా

కుక్క పేరు ఆజ్ఞలా వినిపించకూడదని అందరూ చెప్తారు. సిట్, స్టే, నో లాంటి వాటికి దగ్గరగా ఉండొద్దంటారు. నిజమే, నోవా అని పెడితే రోజుకి ఇరవైసార్లు సగం తిట్టినట్టే. కానీ ఈ సలహా చెప్పేవాళ్ళు మర్చిపోయేది ఏంటంటే మన ఇళ్ళల్లో కుక్కతో ఇంగ్లీషు మాట్లాడేది ట్రైనరూ, పిల్లలూ. మిగతావాళ్ళం రా, దా, పో, వద్దు, ఆగు, కూర్చో, తిను అనే అంటాం. కాబట్టి మీ జాబితాని ఈ తెలుగు మాటల మీద కూడా రుద్ది చూడండి.

పోలో పెట్టారనుకోండి, ఆడామగా లేని చక్కటి పేరే, కానీ మొదటి అక్షరమే పొమ్మంటోంది. రాకీ అంటే రమ్మంటోంది. తారా అంటే చివర్లో రమ్మంటోంది. మా బంధువుల ఇంట్లో ఒక రాకీ ఉంది, ఆయన "రా" అని భార్యని భోజనానికి పిలిచినా అదే ముందొచ్చి కూర్చుంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళ నోటికి కూడా ఒకసారి అప్పజెప్పండి. మేం ఫ్రాస్ట్ అన్నాం, మా అత్తగారు "పరాస్టు" అన్నారు. స్టార్మ్ అన్నాం, "ఇస్టారం". వాచ్‌మన్ అయితే హస్కీ అన్న మాటనే రస్కు అన్నాడు, కొన్నాళ్ళు కింద పిల్లలంతా రస్కు వచ్చింది, రస్కు వచ్చింది అని వెంటపడ్డారు. నిజం చెప్పొద్దూ, రస్కు అంత చెత్త పేరేం కాదు, ఆడా మగా ఏదీ కాదు, పెళుసుగా పలుకుతుంది.

బీచ్‌లో అరిచి చూడాలి

మేం చేసిన వాటిలో నిజంగా పనికొచ్చింది ఇదే. కాగితం మీద నాలుగు పేర్లు మిగిలాక తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. మావాడు కురుసుర జలాంతర్గామి దగ్గర గొలుసు పట్టుకుని నిలబడ్డాడు, నేను వంద అడుగులు ఇటు జరిగి ఒక్కో పేరూ పెట్టి అరిచాను. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఏమనుకున్నారో దేవుడికే తెలియాలి. కెరటాల హోరు, ఎదురుగాలి, వాటి మధ్య ఏ పేరు చేరుతుందో ఏది చేరదో పది నిమిషాల్లో తేలిపోయింది.

మన నోరు హల్లు దగ్గర ఆగదు, అదీ సంగతి. మ్యాక్స్ అని పెట్టుకున్నా గట్టిగా పిలిచేసరికి "మ్యాక్సూ" అయిపోతుంది, ఐస్ "ఐసూ" అవుతుంది. మనం పిలిచేటప్పుడు చివరి అచ్చు సాగదీస్తాం, అది తరతరాల అలవాటు, పొలం గట్టు మీంచి పిలిచిన గొంతులు మనవి. అందుకని మొదటే అచ్చుతో ముగిసే పేరు పెట్టుకుంటే ఇంట్లో పేరూ బీచ్‌లో పేరూ ఒకటే అవుతాయి. రెండు అక్షరాలుంటే మేలు, మూడు ఫరవాలేదు. అంతకు మించితే రెండు వారాల్లో మీరే కోసేస్తారు.

ఊ సాగదీసే పేరుతో హస్కీకి ఇంకో సరదా కూడా ఉంది. బ్లూ అని పిలిచి చూశాం, "బ్లూఊఊ" అని నేను సాగదీస్తే అది మూతి పైకెత్తి నాతో పాటు ఊళ మొదలెట్టింది, వచ్చింది మాత్రం కాదు. హస్కీ మొరిగేది తక్కువ, ఊళ పెట్టేది ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు ఊ పేర్లకి దూరంగా ఉంటే పక్కవాళ్ళతో సఖ్యత నిలుస్తుంది.

ఇంకో సంగతి, పేరు ఎంత బాగా కుదిరినా హస్కీని గొలుసు విప్పి వదలకండి. పిలిస్తే తిరిగి వచ్చే జాతి కాదు, పరుగెత్తడానికి పుట్టిన జాతి, కాకి ఎగిరిందంటే చాలు దానికి పేరూ గీరూ గుర్తుండవు.

తుఫాన్లకి పేర్లు పెట్టేవాళ్ళ దగ్గర నేర్చుకున్నది

ఇది మా ఆయనకి తట్టింది. బంగాళాఖాతం తుఫాన్ల పేర్లకి నియమాలున్నాయట, చూస్తే అచ్చం మాకు కావాల్సినవే. పేరు ఆడా మగా వైపు మొగ్గకూడదు, రాజకీయం, మతం, సంస్కృతి దేనివైపూ మొగ్గకూడదు, ఎవరినీ నొప్పించకూడదు, చిన్నగా ఉండాలి, సులువుగా పలకాలి, ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు మించకూడదు. 2020లో 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చాయి, మొత్తం 169. కుక్కకి పేరు వెతుక్కునేవాళ్ళకి ఇంతకన్నా తయారుగా ఉన్న జాబితా ఎక్కడ దొరుకుతుంది.

మన దేశం ఇచ్చిన వాటిలో గతి, తేజ్, నీర్, జలధి, వేగ ఉన్నాయి. గతి వినడానికి బాగుంది గానీ తెలుగింట్లో "గతీ" అని అరిస్తే "మనకిదే గతి" అని వెనకాల ఎవరో ఒకరు అనకుండా ఉండరు. వేగ నాకు బాగా నచ్చింది, రెండక్షరాలు, అచ్చుతో ముగుస్తుంది, పరుగు కుక్కకి సరిగ్గా అతుకుతుంది. "దీనితో వేగలేకపోతున్నాం" అని మా అత్తగారు మొదటి రోజే జోకేశారు. అదొక్కటీ తట్టుకోగలిగితే మీరు కళ్ళు మూసుకుని పెట్టేసుకోవచ్చు.

హుద్‌హుద్ అని పెడదామని మావాడు సరదాపడ్డాడు, ఇల్లు పీకి పందిరేస్తోంది కదా అని. అది ఒమన్ ఇచ్చిన పేరు, ఒక పిట్ట పేరు, వాళ్ళకి ముద్దే. కానీ 2014 అక్టోబర్ 12న ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళెవరూ ఆ పేరు విని నవ్వలేరు. కైలాసగిరి మీద చెట్లు ఎలా పడిపోయాయో, ఎన్ని రోజులు కరెంటు లేదో ఇప్పటికీ చెప్పుకుంటాం. కొన్ని పేర్లు ఊరి బట్టి పనికిరావు.

రంగు చూసి, కళ్ళు చూసి

హస్కీ అనగానే అందరికీ నీలి కళ్ళు గుర్తొస్తాయి, వెంటనే నీలం అని పెట్టాలనిపిస్తుంది. నీలం ఇద్దరికీ చెల్లే పేరే, కానీ కాస్త ఆగండి. పిల్లగా ఉన్నప్పుడు కళ్ళు నీలంగానే కనిపిస్తాయి, అసలు రంగు తేలేసరికి కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నాలుగు నెలలు పడుతుంది. కొన్నిటికి రెండూ గోధుమ రంగుకి తిరుగుతాయి, కొన్నిటికి ఒకటి నీలం, ఒకటి గోధుమ. మొహం మీది నల్ల మచ్చ కూడా పెరిగేకొద్దీ వెలిసిపోవచ్చు. మొహం చూసి పెట్టిన పేరు ఏడాదికి అబద్ధమైపోయే ప్రమాదం ఉంది.

ఒంటి రంగు కాస్త నమ్మకం. వెండి, వెన్న, మీగడ, నురగ, హల్వా, ఇవన్నీ మేం రాసుకున్నవే. వెండి బ్రహ్మాండమనుకున్నాం, అమెరికాలో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్‌లో చెప్తే "ఓ, వెండీయా, అమ్మాయా" అంది. అక్కడ అది ఆడపిల్ల పేరట. హల్వా మాత్రం మాడుగుల వైపు వాళ్ళెవరైనా ఉంటే తప్పక పెట్టుకోండి, ఆ పేరుతో పిలిస్తే మనుషులు కూడా వస్తారు.

కథ ఉన్న పేరు కావాలంటే టోగో ఉంది. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్ళో డిఫ్తీరియా సోకితే మంచులో సుమారు 1,085 కిలోమీటర్లు కుక్కల బళ్ళ మీద మందు చేర్చారు, 20 మంది బండివాళ్ళు, దాదాపు 150 కుక్కలు, అయిదున్నర రోజులు. అందులో అన్నిటికన్నా పొడవైన, ప్రమాదమైన దారి నడిపించింది లియోన్‌హార్డ్ సెప్పాలా కుక్క టోగో. ఆఖరి అంచె నడిపిన బాల్టోకి అదే ఏడాది న్యూయార్క్‌లో విగ్రహం పెట్టారు, పేరంతా దానికే వెళ్ళింది. ఆ రెండూ మగ కుక్కలే, పేర్లు కూడా మగవాళ్ళవే, టోగో అనేది జపాన్ నౌకాదళం అడ్మిరల్ పేరు. కానీ తెలుగు చెవికి ఓ తో ముగిసే పేరు ఆడా కాదు మగా కాదు, కాబట్టి మనకి నిక్షేపంగా పనికొస్తుంది. నోమ్ అని మాత్రం పెట్టకండి, అది సగం "నో".

పేరు అలవాటు చేయడం, మార్చడం

కొత్త పేరు అలవాటు చేయడం ఏమంత కష్టం కాదు. పేరు ఒక్కసారే పిలవాలి, అది తల తిప్పిన క్షణంలో ఉడికించిన చికెన్ ముక్క గోరంత పెట్టాలి, అంతే. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ జోలికి వెళ్ళకండి, కుక్కలకి అవి విషం. రోజుకి మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు చాలు. తిరగకపోతే పదిసార్లు అరవకండి, పేరు అంటే పట్టించుకోనక్కర్లేని చప్పుడని నేర్చుకుంటుంది. తిట్టడానికీ, స్నానానికి పట్టుకోవడానికీ పేరు వాడకండి. మా ఇంట్లో ఈ నియమాన్ని ఎక్కువసార్లు తప్పింది నేనే.

పాత పేరు ఉంటే ఒక్కసారిగా తీసేయొద్దు. కొత్తది ముందు, పాతది వెనక కలిపి వారం రోజులు పిలిచి, తర్వాత పాతది మెల్లగా మింగేయండి. మాది పది రోజుల పేరే కాబట్టి అయిదో రోజుకే భీమ్ రాలిపోయింది. పేరు ఖాయమయ్యాక టీకా కార్డు మీద, జీవీఎంసీ (మా విశాఖ నగరపాలక సంస్థ) లైసెన్స్ మీద ఒకే స్పెల్లింగ్ రాయించుకోండి. పేరులో ఆడామగా లేకపోయినా కార్డులో ఆ గడి మాత్రం సరిగ్గా నింపించాలి, ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరు దాన్ని బట్టే చెప్తారు. మా కార్డులో మగ అన్న చోట గీత కొట్టి ఆడ అని రాసి, డాక్టరుగారు పక్కన సంతకం పెట్టారు, ఆస్తి పత్రం దిద్దినట్టు.

ఇంతకీ మేం పెట్టిన పేరు ముంజ. అది ఇంటికొచ్చింది ఏప్రిల్ చివర్లో, వచ్చిన రోజు నుంచీ వంటింటి గచ్చు మీద నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకునేది, పైన తెల్లగా, ముట్టుకుంటే మెత్తగా. మా అత్తగారు ముంజకాయ వొలుస్తూ దాన్ని చూసి "ఇదీ ముంజలాగే ఉందే" అన్నారు. రెండక్షరాలు, అచ్చుతో ముగుస్తుంది, ఏ ఆజ్ఞకీ తగలదు, ఆడా కాదు మగా కాదు, మా మెట్ల మీద ఇంకెవరికీ లేదు. బీచ్‌లో "ముంజా" అంటే గాలికి ఎదురుగా కూడా చేరింది.

ఒక్కటే ఆలోచించలేదు. మే నెలలో భీమిలి రోడ్డు పక్కన అది గొలుసు లాక్కుని ముందుకి దూకితే "ముంజా, ముంజా" అని అరుస్తూ వెనకాల పరుగెత్తాను. తాటాకు పందిరి కింద కూర్చున్న ముసలావిడ కత్తి పక్కన పెట్టి, "ఉన్నాయమ్మా, లేతవే, ఎన్ని ఇమ్మంటావు" అంది. రెండు డజన్లు తీసుకున్నాను. వాటిని ఆకులో కడుతూ ఆవిడ కుక్క వంక చూసి, "ఇదేటమ్మా, తోడేలేటి? ఆడదా, మగదా?" అని అడిగింది.